నూట పద్నాలుగో వంతెన దగ్గర

మే నెల రెండో మంగళవారం
మల్బరీ వాగు మీద వంతెనకి పగుళ్లు కొలవడానికి దిగి
కాలు జారి కూలబడ్డ చోట
చూశాను దాన్ని.
జానెడు కాడ. ఎదురెదురుగా ఆకులు.
ఒక ఆకుని ఏ పురుగో జల్లెడ చేసి వదిలింది.

ఆ రాత్రి సలైనాలో
పెరుగన్నం గిన్నె ఒళ్లో పెట్టుకుని ఫోను తెరిచాను.
కాన్సాస్ అడవిమొక్కలు, ఫొటోలతో సహా.
మొదటి ప్రశ్న: పువ్వు రంగు?

ఇంకా పుయ్యలేదు, అన్నాను పైకే.
పువ్వు రంగు? అంది మళ్ళీ.
తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఊదా, ఆకుపచ్చ.
ఆరు గళ్లు. ఆరే.
మా పెద్దమ్మ చీరల కొట్లో
ఒక్క ఎరుపుకే తొమ్మిది అరలుండేవి,
రాణి రంగుని ఎరుపంటే అలిగేది ఆవిడ.

ఫొటోల్లో ఉన్నవన్నీ పెళ్లిపీటల మీది మొక్కలు.
వెనకనించి ఎండ, నుదుటిమీద మంచుబొట్టు,
ఒంటిమీద మచ్చ లేదు.
నాది జ్వరంలో ఉన్న మొక్క,
నలుగురికీ చూపించుకునే స్థితిలో లేదు.

వెర్నన్‌కి చెప్పాను.
తుప్పు వాసనబట్టి ఉక్కు వయసు చెప్పగలడాయన.
"కలుపు" అన్నాడు.
కలుపుకి పేరుండదా?
"అదే పేరు" అన్నాడు, టేపు చుడుతూ.

జూన్‌లో మోకాలెత్తు.
ఆకు అడుగున నూగు ఉందా? ఉంది, పిల్లిపిల్ల చెవిలా.
అంచుకి రంపప్పళ్లా? లేవు.
కాడ పలకలా, గుండ్రమా?
రెండు వేళ్ల మధ్య మెల్లగా దొర్లించి
గుండ్రమన్నాను.
జవాబిచ్చినప్పుడల్లా ఫొటోలు రాలిపోతున్నాయి,
తొమ్మిది వందలు రెండు వందలై,
నలభై మూడై,
అక్కడ ఆగాయి.

ఒక ప్రశ్న మాత్రం ప్రతిసారీ దాటేస్తున్నాను.
కాడ విరిస్తే పాలు కారతాయా?
తెలియదు, అని నొక్కేదాన్ని.
నీ పేరేంటని
ఎవర్నైనా చెయ్యి విరిచి అడుగుతామా?

జులై మొదట్లో కొసన మొగ్గలు, జొన్నగింజలంత, గుత్తిగా.
ఆకుపచ్చే, కానీ లోపల ఇంకేదో రంగు
తలుపు సందులోంచి చూస్తున్నట్టు.
పదహారో బోల్టు మళ్ళీ చూడాలన్నాను.
"బోల్టా?" అన్నాడు వెర్నన్.
ఇంకేం అనలేదు.
ట్రక్కు వెనక వెతికి
సర్వేకి వాడే నారింజరంగు జెండా ఒకటి తెచ్చి
మొక్క పక్కన గుచ్చాడు.

జెండాలు చదవదు గడ్డి కోసే బండి.
రోడ్డంచు నించి పదిహేను అడుగులు,
డేల్‌కి ఇచ్చిన ఆర్డరు అంతే. అతన్ని తిట్టలేను,
ముందు రోజు డోనట్లు పంచిపెట్టాడు.

మేం వెళ్లేసరికి కోసిన పచ్చివాసన ఇంకా గాలిలోనే ఉంది.
నారింజ పీలికలు గట్టంతా.
రెండంగుళాల మోడు.
దాని తలమీద
తెల్లగా, గుండ్రంగా, నిండుగా ఒక చుక్క.

వెర్నన్ పాడైపోయిన మోకాలి మీదే వంగి
వేలితో అద్ది చూపించాడు.
పాలు.
కళ్లు నలుపుకోకు, అన్నాను గబుక్కున,
బడి ప్రహరీ వెంట జిల్లేళ్లు తుంచినందుకు
చిన్నప్పుడు నేను తిన్న కేకే
నా గొంతులోంచి వచ్చింది.

అవును, అని నొక్కాను.
నలభై మూడు పద్దెనిమిదయ్యాయి,
అందరూ ఆ జిల్లేడు వాళ్ల తాలూకే,
అన్నదమ్ముల పిల్లలు, మేనరికాలు.
ఇంటిపేరు దొరికింది.
పేరు అడగడానికి
మనిషి లేదు.

తనిఖీ కాగితం నేను నింపబోతే
వెర్నన్ లాక్కున్నాడు.
పగుళ్లు: రెండు, సన్నవి. తుప్పు: మామూలే. బోల్టులు: బాగున్నాయి.
అడుగున, ఇతర విషయాలు అన్న గడిలో
పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు.
తూర్పు గట్టు. మొక్క, ఒకటి. వేరు ఉంది.
మేలో మళ్ళీ చూడాలి.